తగ్గాల్సిన అంకె

నాకు కుళ్ళు ఎక్కువ. ఈ మాట ఎదుటివాళ్ళు అంటే గొడవకు దిగుతాను గానీ, నాలో నేను ఒప్పుకుని చాలా కాలమైంది. చిన్నప్పుడు పక్క బెంచీ పిల్లకు నాకంటే ఒక్క మార్కు ఎక్కువొస్తే ఆ పూట నాకు అన్నం సయించేది కాదు. "దీనికి రాకపోయినా ఫరవాలేదు, పక్కదానికి రాగూడదు" అని మా అమ్మ చుట్టాల ముందే అనేది. పెద్దయ్యాక గురజాలలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరునయ్యాను. మార్కులు వేసే కుర్చీలో కూర్చున్నా ఆ బుద్ధి మాత్రం మారలేదు.

ఇది రాస్తుంటే పక్క గదిలో మా తోడికోడలు అనూష కూతురు ఏడుస్తోంది. మూడు నెలల పిల్ల. ఆ ఏడుపు వినపడగానే నాకు గుండెలో ఒకచోట చురుక్కుమంటుంది, ఇప్పటికీ. తరవాత లేచి వెళ్ళి ఎత్తుకుంటాను. రెండూ నిజమే.

పోయిన ఏడాది నాకొక జబ్బు చేసింది. దాని పేరు అంతకుముందు నేను ఎన్నడూ వినలేదు. నాలాగే వినని ఆడవాళ్ళు చాలామంది ఉంటారు. జబ్బు నా చేతిలో లేదు, కానీ జబ్బుతో నేను చేసిన తెలివితక్కువ పని మాత్రం పూర్తిగా నాదే. దాన్ని ఇంకొకరు చేయకుండా ఉంటారేమోనని రాస్తున్నాను. రాస్తే నా బరువు కూడా కాస్త దిగుతుందని ఆశ.

జూలై

మాది ఉమ్మడి కాపురం. మామగారు, అత్తగారు, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళం. మా ఆయన శ్రీనుది పురుగుమందుల కొట్టు. మా మరిది గోపి మామగారితో కలిసి మిరప, పత్తి చూసుకుంటాడు. నాకు పెళ్ళై అయిదేళ్ళు. ఆ అయిదేళ్ళూ "ఏమన్నా విశేషమా?" అని అడగని మనిషి మా వీధిలో లేదు. గోపి పెళ్ళై ఎనిమిది నెలలు. అనూష వచ్చిన రోజునే నేను మనసులో పందెం కట్టుకున్నాను, ఈ పిల్ల నాకంటే ముందు కడుపుతో కూర్చుంటుందని.

నేనే గెలిచాను. జూన్ ఆఖర్లో నెల తప్పి, స్ట్రిప్పు మీద రెండు గీతలు చూసుకున్నాను. అత్త దిష్టి తీసింది. మామగారు మాచర్ల వెళ్ళి యాపిల్ పళ్ళు తెచ్చాడు. అయిదేళ్ళ తరవాత ఇంట్లో నా మంచానికి ఒక విలువ వచ్చింది. ఆ వైభవం పట్టుమని మూడు వారాలు కూడా నిలవలేదు. అనూష ఒక పొద్దున సిగ్గుపడుతూ వచ్చి తన స్ట్రిప్పు చూపించింది. అందరూ ఆమె చుట్టూ చేరారు. నేను కూడా నవ్వాను. పళ్ళు మాత్రమే నవ్వాయి.

అత్తకు కొత్త బెంగ పట్టుకుంది. ఒకే ఇంట్లో ఇద్దరు కడుపుతో ఉండకూడదని వాళ్ళలో ఒక నమ్మకం. ఒకరిని పుట్టింటికి పంపాలి, ఎవరిని పంపాలో తేలలేదు. చివరికి ఆమే ఒక ఉపాయం చెప్పింది. "ఇద్దరూ ఒకే గడప దాటొద్దు. పెద్దదానివి నువ్వు ముందు గుమ్మంలోంచి పో, చిన్నది దొడ్డిగుమ్మంలోంచి పోద్ది." ముందు గుమ్మం నాకు దక్కింది. ఆ సంగతి నాకెంత తృప్తి ఇచ్చిందో చెప్పుకుంటే సిగ్గు.

ఎనిమిదో వారానికి నాకు వాంతులు విపరీతమయ్యాయి. మంచినీళ్ళు కూడా ఆగేవి కావు. ఊరికే కూర్చున్నా గుండె దడదడలాడేది, చేతులు వణికేవి. అదే వారం అనూషకు కొద్దిగా రక్తం కనపడింది. ఇద్దరినీ ఒకే కారులో నరసరావుపేట తీసుకెళ్ళారు, చెరో గుమ్మం నుంచి ఎక్కించి. పేటలో డాక్టరమ్మ ఇద్దరికీ రక్తపరీక్షలు రాసింది. కడుపులో పిండం కుదురుకునేటప్పుడు ఒక హార్మోను రక్తంలోకి వస్తుందనీ, మొదటి వారాల్లో అది రెండు మూడు రోజులకోసారి దాదాపు రెట్టింపవుతూ పోవాలనీ చెప్పింది. అలా పెరగకపోతే పిండం నిలవడం లేదనో, ఉండకూడని చోట కుదురుకుందనో అనుమానించాలట. మరీ ఎక్కువైతే ఎందుకు ఎక్కువైందో చూడాలట. గర్భాన్ని నిలబెట్టే ఇంకో హార్మోను తగ్గితే మాత్రలు ఇస్తారట, వాటితోపాటు నాకు థైరాయిడ్ కూడా చూడాలంది. ఆమె ఇంత వివరంగా చెప్పింది. మా చెవికెక్కింది మాత్రం ఒక్కటే, ఎంత ఎక్కువుంటే అంత మంచిదని.

రక్తం తీసే ఆవిడ పేరు షాహిదా. పేట వాళ్ళే. నొప్పి తెలియకుండా సూది గుచ్చుతుంది. నేను జాకెట్టు చేయి దించుకుంటూ "మా ఇద్దర్లో ఎవరిది ఎక్కువుంటదక్కా?" అని అడిగాను. ఆవిడ నా వంక వింతగా చూసింది.

"ఇది పక్కదాంతో చూసే లెక్క కాదమ్మాయ్. నీ ఇయ్యాల్టిది నీ ఎల్లుండిదాంతో చూడాల. అంతే."

లెక్కల టీచరుకు లెక్క చెప్తోంది అనుకున్నాను.

సాయంత్రం రిపోర్టులు మా ఆయన వాట్సాప్‌కు వచ్చాయి. అందరం వసారాలో కూర్చున్నాం. మామగారు "ఎంతొచ్చినయ్ రా?" అని అడిగాడు, మిరప రేటు అడిగినట్టే.

"అనూషకి నాలుగొందల పది. ఈమెకి..." మా ఆయన ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చూశాడు. "రెండు లక్షల నలభై వేలు."

"రెండు లచ్చల నలభై వేలా!" మామగారు తొడ చరిచాడు. "పెద్దకోడలికి కాపు దంచికొట్టింది కదరా!"

"కవలలేమో," అంది అత్త. "చిన్నదానికేంది, మరీ నాలుగొందలా? సరిగ్గా తింటందా లేదా?"

వాళ్ళకు తెలిసిన లెక్క అదే. ఎకరానికి ఎన్ని క్వింటాళ్ళని చూసే ఇల్లు. నాకు ఎనిమిదో వారం, అనూషకు అయిదో వారం అనే మాట కూడా ఎవరికీ తట్టలేదు. అనూష ముఖం చిన్నబుచ్చుకుని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపయ్యాక నేను వెళ్ళాను. పక్కన కూర్చుని తల నిమిరాను. "పోనీలే అనూషా, అందరికీ ఒక్కలాగే రావుగా," అన్నాను. ఇంత తియ్యగా నేను జీవితంలో మాట్లాడి ఎరగను. అంత సుఖంగానూ ఎన్నడూ నిద్రపోలేదు.

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ దగ్గర నుంచి ఫోను. నన్ను వెంటనే వచ్చి స్కానింగ్ చేయించుకోమన్నారు. అత్త "అమావాస్య ముందా? దాటనియ్యండి" అంది. నేనూ సరేనన్నాను. నాకు అమావాస్య పట్టింపు లేదు. ఆ రెండు లక్షలతో ఇంకో నాలుగు రోజులు ఊరేగాలని ఉంది. ఈలోపు అనూషకు రెండో పరీక్ష జరిగింది. నాలుగొందల పది కాస్తా తొమ్మిదొందలు దాటింది. డాక్టరమ్మ చాలా బాగుందని అన్నదట. తొమ్మిదొందలు బాగుండడమేమిటని నేను లోపల నవ్వుకున్నాను.

నాలుగో రోజు స్కానింగ్ బల్ల మీద పడుకున్నాను. డాక్టరమ్మ స్కానింగ్ పరికరాన్ని పొట్ట మీద అటూ ఇటూ చాలాసేపు జరిపింది. కవలలు కదా, వెతుక్కుంటోంది అనుకున్నాను. చివరికి తెర నా వైపు తిప్పింది. నల్లటి తెర నిండా తెల్ల బుడగలు, ద్రాక్షగుత్తిలాగా.

"దీన్ని ముత్యాల గర్భం అంటారమ్మా," అంది.

నిజం చెప్తాను. ఒక్క క్షణం ఆ పేరుకి మురిశాను. ముత్యాలంటే గొప్పదేమోనని.

బిడ్డ లేదు. బిడ్డకు ఆహారం అందించాల్సిన మాయ పిచ్చిగా పెరిగి నీటి బుడగలైపోయింది. వాంతులు, దడ, వణుకు, ఆ రెండు లక్షల నలభై వేలు, అన్నీ దానివే. మా ఆయనకు మాత్రం అర్థం కాలేదు. "మరి అంకె అంత వచ్చిందిగా డాక్టరమ్మా?" అని బతిమాలినట్టు అడిగాడు. "అందుకేగా వెంటనే రమ్మన్నాను," అందామె. మర్నాడు మత్తిచ్చి తీసేశారు. కళ్ళు తెరిచేసరికి మా ఆయన నా కాళ్ళ దగ్గర కూర్చుని దుప్పటి అంచు మడతపెడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ మడతపెడుతున్నాడు.

ఆగస్టు

తీసేస్తే అయిపోయిందనుకున్నాను. కాదట. ఆ మాయ ముక్క కొంచెం లోపల మిగిలినా మళ్ళీ పెరుగుతుంది, ఊపిరితిత్తులదాకా పాకుతుంది. మిగిలిందో లేదో చెప్పేది మళ్ళీ అదే రక్తపరీక్ష. వారం వారం చేయించుకోవాలి. అంకె తగ్గుతూ తగ్గుతూ అయిదు కంటే కిందికి రావాలి. అప్పటిదాకా మళ్ళీ గర్భం మాట ఎత్తకూడదు, వస్తే ఏది జబ్బు అంకో ఏది బిడ్డ అంకో తేల్చలేరు.

ఇంటికొచ్చిన మూడో రోజు అత్త ముగ్గు వేస్తూ అంది, "ఇంక ఇబ్బంది లేదులే, ఇద్దరూ ముందు గుమ్మంలోంచే పోవచ్చు." ఆమె మనసులో ఏ చెడూ లేదు. ఒక చిక్కు తీరిందని మాత్రమే అన్నది. నేను స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చాను.

వారం వారం గురజాల నుంచి పిడుగురాళ్ళ మీదుగా పేటకు బస్సు. సున్నపు బట్టీల తెల్ల దుమ్ము కిటికీలోంచి ఒళ్ళంతా పడేది. ల్యాబులో రెండు బెంచీలు, ఒక ఫ్యాను. అక్కడికి వచ్చేవాళ్ళలో సగం మంది కడుపుతో ఉన్నవాళ్ళే. కాగితం చేతికి రాగానే "పెరిగిందా?" అని అడిగేవాళ్ళు. నేను "తగ్గిందా?" అని అడగాలి. ఒకే సూది, ఒకే సీసా, ఒకే మిషను. నా పక్కన కూర్చున్న పిల్ల పెరిగిందని పొంగిపోతుంటే, దాని కాగితం లాక్కుని చింపేయాలనిపించేది.

ముప్పై ఎనిమిది వేలు. తరవాతి వారం తొమ్మిది వేల రెండొందలు. తరవాత రెండు వేల వంద. తరవాత ఆరొందల నలభై. షాహిదా అక్క ప్రతిసారీ చీటీ వెనక పాత అంకె రాసి, పక్కన కొత్తది రాసి, కింద గీత గీసేది. "బంగారంలాగా దిగతంది," అనేది. మా ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. ఇంట్లో అందరూ సంతోషించారు. నాకొక్కదానికే కాలేదు.

ఎందుకో అప్పుడు నాకే తెలియదు. ఇప్పుడు తెలుసు. ఆ నెలలోనే అనూషకు బిడ్డ గుండె చప్పుడు వినిపించారు. గోపి దాన్ని ఫోనులో రికార్డు చేసుకొచ్చి పొలం నుంచి వచ్చినవాళ్ళందరికీ వినిపించాడు. ఆమె అంకెను ఎవరూ అడగడమే మానేశారు, ఇక అవసరం లేదు గనుక. నేను ఒకప్పుడు రెండు లక్షల నలభై వేల దాన్ని. ఇప్పుడు ఆరొందల నలభై. నాకున్నదల్లా అదే, అది కూడా కారిపోతోంది. అది జబ్బు అని తెలుసు. అయినా నాదే కదా అనిపించేది.

సెప్టెంబరు

అయిదో వారం నేను పేటకు వెళ్ళలేదు. స్కూల్లో పరీక్షలు పెట్టారని మా ఆయనకు అబద్ధం చెప్పాను. ఆరో వారం బస్సెక్కాను గానీ పిడుగురాళ్ళలో దిగిపోయాను. మమ్మల్ని ఎరగని మందుల షాపు చూసుకుని గర్భం పరీక్ష స్ట్రిప్పులు కొన్నాను. కొట్టతను చిరునవ్వుతో ఇచ్చాడు. ఆ నవ్వు కూడా నాకు కావలసే వెళ్ళానేమో.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు చూశాను. రెండు గీతలు. జూన్‌లో వచ్చినట్టే వచ్చాయి. ఆ హార్మోను రక్తంలో ఉన్నన్నాళ్ళూ ఆ స్ట్రిప్పు రెండు గీతలే చూపిస్తుంది, దానికి బిడ్డకూ జబ్బుకూ తేడా తెలియదు. అది నాకు తెలుసు. పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని, ఆ మాత్రం తెలియదా? అయినా గోడకు చేరబడి ఆ రెండు గీతలనే చూస్తూ నిలబడ్డాను. గుండె నిండిపోయింది. ఆ తరవాత రోజూ చూసుకునేదాన్ని. పాత స్ట్రిప్పులు పారేయడానికి మనసు రాక స్కూలు చాక్‌పీసుల డబ్బాలో దాచుకున్నాను.

ఒక మధ్యాహ్నం అనూష ఆ డబ్బా పట్టుకుని నా గదిలోకి వచ్చింది. తలుపు దగ్గరగా వేసింది. డబ్బా మూత తీసి మంచం మీద బోర్లించింది. ఏడు స్ట్రిప్పులు.

"ఏందక్కా ఇయ్యి?"

"నా డబ్బా నువ్వెందుకు తీశావ్?"

"జాకెట్టు గుడ్డ మీద గీత గీద్దామని చాక్‌పీసు కోసం తీశా. మళ్ళీ నెల తప్పిందా? డాక్టరమ్మ వద్దన్నదిగా? బావగారికి తెలుసా?"

"కడుపూ లేదు, పాడూ లేదు. అది పాతదే. ఇంకా పోలా. ఉన్నంతకాలం రెండు గీతలే వస్తయ్."

ఆమె కాసేపు ఆ స్ట్రిప్పుల వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది. "పోలేదంటే లోపల జబ్బు ఉన్నట్టేగా? అది చూసుకుని దాచిపెట్టుకున్నావా? పేటకి పోతన్నావా అసలు?"

నేను దుప్పటి లాగి స్ట్రిప్పుల మీద కప్పాను.

"పోటంలా! పోయిన వారం చీటీ కూడా చూపించలా. రెండు వారాల్నుంచీ పోటంలా నువ్వు!"

అప్పుడు నాలోంచి వచ్చేసింది. "అవునే, పోటంలా. పోతే తగ్గిందంటారు. తగ్గిందని మీరంతా సంబరపడతారు. నీ కడుపు రోజూ పెరగతా ఉంటే చూడలేక చస్తన్నా నేను. నాకీ గీతలన్నా ఉండొద్దా? ఇయ్యి కూడా నీకే కావాలా?"

కడుపుతో ఉన్న పిల్లను పట్టుకుని అన్న మాటలివి. అనగానే నోరు నొక్కుకున్నాను. ఆమె ఏడుస్తుందని, వెళ్ళి అత్తకు చెప్తుందని అనుకున్నాను. ఆమె నేల మీద కూలబడి కూర్చుంది. చాలాసేపు చాక్‌పీసు ముక్కను వేళ్ళ మధ్య తిప్పింది.

"నేనొకటి చెబుతా. కొట్టవుగా?"

"చెప్పు."

"నీకు రెండు లచ్చలొచ్చిన రోజు... మామయ్య కాపు కాపని ఎగరతన్నాడే, ఆ రోజు. నేను లోపలికి పోయి పోలేరమ్మకి మొక్కుకున్నా. మా అక్క అంకె తగ్గిపోవాల తల్లీ, తగ్గితే నీకు పొంగలి పెట్టి కోడిని కోస్తా అని." ఆమె చేతిలో చాక్‌పీసు ముక్క విరిగింది. "బిడ్డ పోవాలని కాదక్కా. మా అమ్మ మీద ఒట్టు. అంకె ఒక్కటే. నువ్వొచ్చి తల నిమిరావు చూడు, పోనీలే అన్నావు చూడు, అప్పుడింకా మండింది. నాలుగో రోజుకి అట్టయింది. అప్పట్నుంచీ రోజూ చస్తన్నా. నా మొక్కే తగిలిందేమో నీకని."

నాకు కోపం రావాలి. నిజానికి ఆమె చెంప పగలగొట్టినా ఎవరూ నన్ను తప్పుపట్టరు. కానీ నాకు వచ్చింది కోపం కాదు. రెండు నెలలుగా ఈ ఇంట్లో కుళ్ళుబోతు మనిషిని నేనొక్కదాన్నే అనుకుంటూ, అందుకే దేవుడు నాకిలా చేశాడనుకుంటూ పడి ఉన్నాను. గోడ అవతల ఈ పిల్ల కూడా అదే అనుకుంటూ పడి ఉందన్నమాట. నాకు నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయాను. ఆమె భయపడిపోయింది.

"నీ మొక్కుకి అంత బలముంటే ఈపాటికి గోపి తాగుడు మానేవాడు," అన్నాను. "అది నీవల్ల రాలా. నేను నీకు పళ్ళు చూపించి నవ్వినందుకూ రాలా. డాక్టరమ్మ చెప్పింది, ఎవరికి ఎందుకొచ్చుద్దో ఎవరూ చెప్పలేరంట."

"మరి అంకె తగ్గిందిగా. మొక్కు తీర్చాలిగా. ఏమని తీర్చను అక్కా? ఏ మొహం పెట్టుకుని పోను?"

"ఇంకా తగ్గలా. అయిదు లోపుకి రావాల. అప్పటిదాకా తీరనట్టే." నేను స్ట్రిప్పులు ఏరి డబ్బాలో వేశాను. "మళ్ళీ మొక్కు. అదే మొక్కు. ఈసారి గట్టిగా."

మర్నాడు ఆమె నాతోపాటు బయల్దేరింది. అత్త వారించింది, నాలుగో నెలలో బస్సేంటని. అనూష వినలేదు. నా చేయి పట్టుకుని ఇద్దరం ఒకేసారి ముందు గుమ్మం దాటేలా చేసింది. ల్యాబులో షాహిదా అక్క నన్ను చూడగానే తిట్టడం మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపేసింది. సాయంత్రం దాకా బెంచీ మీదే కూర్చున్నాం. చీటీ వెనక పాత అంకె ఆరొందల నలభై. పక్కన కొత్తది పదకొండొందల యాభై.

పెరిగింది. ఆ అంకె చూడగానే ఒక్క క్షణం నాలో ఏదో ఎగిరి గంతేసింది. పెరిగిందిగా అని. పక్కన అనూష నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తుంటే అప్పుడు తెలివొచ్చింది నాకు.

అక్టోబరు నుంచి డిసెంబరు

గుంటూరు పంపారు. ఊపిరితిత్తులు చూశారు, అక్కడికి పాకలేదు. రెండు వారాలు పోగొట్టుకోకుండా ఉంటే ఇంకా తొందరగా పట్టేవాళ్ళమన్నాడు అక్కడి డాక్టరు. కసిరినట్టు కాదు, మామూలుగానే అన్నాడు. మా ఆయన అప్పుడే తెలుసుకున్నాడు నేను చెప్పిన అబద్ధం. బస్సులో నా పక్కన కాకుండా ముందు సీట్లో కూర్చున్నాడు. ఇంటి దగ్గర దిగాక "నీకు నేను చాలనా?" అని ఒక్క మాట అడిగాడు.

ఇంజెక్షన్లు మొదలయ్యాయి. వాటి పేర్లు, లెక్కలు డాక్టర్లకు వదిలేస్తాను. నాకు తెలిసింది నోరు. నోరంతా పుళ్ళు పడి మంచినీళ్ళు తగిలినా మంట. మిరపకాయ పండించి బతికే ఇంట్లో కారం వాసనకే కళ్ళు తిరిగేవి. ఒకరోజు రోటి చప్పుడు వినపడటం లేదని గమనించాను. అత్త కారం కొట్టడం మా వీధి చివర వాళ్ళ చెల్లెలి ఇంట్లో పెట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు. నాకు రోజూ మజ్జిగన్నం మెత్తగా పిసికి, చల్లార్చి, గిన్నె నా ముందు పెట్టి "తినవే అమ్మాయ్, రెండు ముద్దలు" అని గడప మీద కూర్చునేది. ముందు గుమ్మం మాట అన్నది ఈ మనిషే. దేనికని కోపం పెట్టుకోను?

గుంటూరు ఆసుపత్రిలో నాలాంటి జబ్బుతో ఈపూరు నుంచి ఒకామె వచ్చేది. ఆమె అంకె నాకంటే తొందరగా దిగుతోంది. నాకు ఆమె మీద కూడా అసూయ పుట్టింది. జబ్బు తగ్గడంలో కూడా పోటీ పడే మనిషిని ఎక్కడైనా చూశారా? ఆమె ఒకసారి నా చీటీ అడిగి తీసుకుని చూసి "నీది ఎంత?" అంది ఆత్రంగా. ఆమెదీ నా జాతే. ఇద్దరం నవ్వుకున్నాం. పుళ్ళ నోళ్ళతో నవ్వితే ఎంత మంటో మాకే తెలుసు. షాహిదా అక్క మొదటి రోజు చెప్పిన మాట అప్పుడు ఆమెకు చెప్పాను. నీ ఇవాళ్టిది నీ నిన్నటిదాంతో చూసుకో, పక్కదాంతో కాదు అని. చెప్పడం తేలికే. చెప్తూనే ఆమె అంకెను ఇంకోసారి చూశాను.

మూడొందలు. ఎనభై. ఇరవై ఎనిమిది. పదకొండు. అంకె పడిపోతున్న కొద్దీ అనూష కడుపు పెరిగింది. ప్రతి వారం ఆమె వసారాలో ఎదురుచూసేది. నేను వీధి మలుపు తిరగగానే "ఎంతక్కా?" అని కేకేసేది. నేను వేళ్ళతో చూపించేదాన్ని.

జనవరి, ఫిబ్రవరి

జనవరిలో ఒక రోజు షాహిదా అక్క చీటీ వెనక పాత అంకె రాసి, పక్కన రెండు అని రాసి, కింద గీత గీయకుండా పెన్ను కింద పెట్టేసింది. పొద్దున సూది గుచ్చిన చోట బొటనవేలితో మెల్లగా నిమిరింది. తరవాత రెండు వారాలూ అంతే. ఆ ధైర్యంతో ఇంట్లో మిగిలిన ఆఖరి స్ట్రిప్పు తీశాను. ఒక్క గీత. చాలాసేపు చూశాను, రెండోది రాలేదు. ఏడ్చాను. సంతోషం కొంత ఉంది గానీ ఎక్కువ భాగం ఏడుపే. తరవాత చాక్‌పీసుల డబ్బా మొత్తం తీసుకెళ్ళి చెత్తలో పోశాను.

నెలనెలా పరీక్ష ఇంకా ఉంది, చాలా నెలలు ఉంటుంది. అది దాటాక మళ్ళీ గర్భానికి అడ్డేమీ ఉండకపోవచ్చని డాక్టరమ్మ అంటోంది. ఈసారి నెల తప్పిన మొదటి వారంలోనే పరీక్ష చేయించుకోవాలట, స్కానింగూ వెంటనే. అమావాస్యలు చూడకుండా.

ఫిబ్రవరిలో అనూషకు తొమ్మిదో నెల పడింది. ఒకరోజు నా దగ్గరికి వచ్చి గుసగుసగా అంది.

"మొక్కు తీర్చాలక్కా. అది తీరకుండా కాన్పుకి పోవాలంటే భయంగా ఉంది. ఏడో నెల దాటినోళ్ళు గుడికి పోగూడదంటది అత్త."

"నేను పోతాలే."

"నీ మీద మొక్కింది నువ్వెట్టా తీరుస్తావ్?"

"తగ్గింది నాదేగా," అన్నాను.

అత్తకు నయమైనందుకు పొంగలి అని చెప్పాను, అబద్ధం కూడా కాదు. ఊరి బయట పోలేరమ్మ గుడి. దారి పొడవునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటు నా నోటికి మంట పెట్టకపోవడం అదే మొదటిసారి. మూడు రాళ్ళ మీద పొంగలి పెట్టాను. కోడిని మా ఆయన చూసుకున్నాడు. పూజారి ముసలాయన కొబ్బరికాయ చేతిలోకి తీసుకున్నాడు.

"ఎవరి పేరు మీదమ్మా?"

"అనూష. మా తోడికోడలు."

"ఏమని మొక్కుకుంది?"

"వాళ్ళక్క అంకె తగ్గాలని."

"షుగరా?"

"అట్టాంటిదే."

"తగ్గిందా మరి?"

"తగ్గింది," అన్నాను. ఆయన కాయ కొట్టాడు.

ఇంటికొచ్చేసరికి అనూష గుమ్మంలో నిలబడి ఉంది, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, తొమ్మిది నెలల కడుపు ముందుకు పొడుచుకుని. ఆ కడుపు చూశాను. చురుక్కుమంది. గిన్నె మూత తీసి, మొదటి ముద్ద ఆమె నోట్లో పెట్టాను.